మొగిలి ఘాట్‌లో వచ్చి, షెడ్డులో మాయమయ్యే శబ్దం

వాహన సమస్యలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నేను చిత్తూరులో స్థిరపడిన విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా ఇంట్లో 1997 నాటి మారుతి 800 ఉంది. కార్బ్యురేటర్ బండి, ఏపీ 03 రిజిస్ట్రేషన్, ఇప్పటికి 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. వారం పొడుగునా ఊళ్లోనే బజారుకూ గుడికీ తిప్పుతాను. శనివారం మాత్రం ముగ్గురం కలిసి పలమనేరు దగ్గరున్న మా పొలానికి వెళతాం. సుమారు మూడు నెలలుగా ఇంజనులో ఒక శబ్దం వస్తూ పోతూ ఉంది. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు థర్డ్ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, సీసాలో గోళీలు పోసి ఆడించినట్లు గలగలమంటుంది. కాలు తీయగానే ఆగిపోతుంది. ఒక్కోసారి బండి ఆగి, ఇంజను న్యూట్రల్‌లో తిరుగుతున్నప్పుడు కూడా దబదబమని కొట్టుకుంటుంది; కొంచెం రేజ్ చేస్తే పోతుంది. తెల్లవారి స్టార్టు చేసినప్పుడు కూడా రెండు నిమిషాలు ఏదో కొట్టుకున్నట్లు ఉంటుంది. ఒక మెకానిక్ బోరు (సిలిండరు లోపలి గోడ) పోయిందనీ, ఇంజను దించి పని చేయాలనీ, ముప్పై అయిదు వేలవుతుందనీ చెప్పాడు. మరొకరు చిక్కటి ఆయిల్ పోస్తే చాలన్నారు. ఎవరి షెడ్డుకు తీసుకువెళ్లినా అక్కడ మాత్రం శబ్దం రాదు. ఏప్రిల్‌లో టైమింగ్ బెల్టు, ప్లగ్గులు కొత్తవి వేయించాను కాబట్టి ఆ వైపు అనుమానం లేదు. మరొక్క మాట: ఘాట్ మలుపుల్లో రెండుసార్లు ఆయిల్ లైటు క్షణంపాటు వెలిగి ఆరింది. ఇంజను విప్పించమంటారా?

జవాబు: మాస్టారూ, మీరు ఉత్తరం చివర రాసిన మాటతోనే జవాబు మొదలుపెట్టాలి. మిగిలినవన్నీ నెలరోజులు ఆగినా ఫరవాలేదు గాని, ఆయిల్ లైటు సంగతి ఈ రోజే చూడవలసినది. ఆ లైటు ఇంజనులో ఆయిల్ మట్టం తగ్గినప్పుడు వెలిగేది కాదు. ఆయిల్ ఒత్తిడి బాగా పడిపోయినప్పుడు వెలిగేది. అడుగున సంపులో ఆయిల్ తక్కువగా ఉన్న బండి మలుపు తిరిగితే, ఉన్న ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపు పీల్చుకునే గొట్టం మూతి గాలిలో తేలుతుంది. ఆ క్షణంలో పంపు గాలిని పీలుస్తుంది, క్రాంకును (ఇంజను ప్రధాన ఇరుసును) మోసే బేరింగులకు అందవలసిన ఆయిల్ పొర తెగిపోతుంది. తిన్నటి రోడ్డు మీద ఆరిపోయి ఉండే లైటు ఘాట్ మలుపులోనే వెలగడానికి చాలా సందర్భాల్లో కారణం ఇదే. రేపు ఉదయం బండిని సమతలంగా ఉన్న చోట నిలిపి, స్టార్టు చేయకముందే గేజ్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడండి. మట్టం కింది గీతకు దగ్గరగా ఉంటే, మీ బండికి చెప్పిన గ్రేడు ఆయిల్‌నే పై గీత వరకు పోయండి, దాటి పోయకండి. ఆ తరువాత ప్రతి శనివారం బయలుదేరే ముందు అదే విధంగా చూసి, ఎంత తగ్గిందో రాసుకోండి. ఇంత తిరిగిన ఇంజను కొంత ఆయిల్ తాగడం సహజం. ఎంత తాగుతున్నదో తెలియకపోవడమే ప్రమాదం.

మట్టం సరిగ్గా ఉండి కూడా లైటు వెలుగుతున్నట్లయితే, ఆ లైటు స్విచ్చిని విప్పి అదే రంధ్రంలో ప్రెషర్ గేజ్ బిగించి, ఇంజను బాగా వేడెక్కిన తరువాత కొలిపించండి. పాత మెకానిక్కుల లెక్క ప్రకారం నిమిషానికి వెయ్యి చుట్లకు సుమారు 10 పిఎస్‌ఐ చొప్పున ఒత్తిడి ఉండాలి. ఇక, ఆయిల్ లైటు వెలిగి ఉండగా లోతైన కొట్టుడు శబ్దం కూడా వచ్చిందంటే మరో ఆలోచన వద్దు: అక్కడే పక్కకు తీసి ఇంజను ఆపి, బండిని లాగించుకుని రండి. ఆ స్థితిలో బంగారుపాళెం వరకు ఎలాగో నడిపించుకుపోదామనుకుంటే, బేరింగులతో పోయేది క్రాంకు దాకా వెళుతుంది.

ఇప్పుడు శబ్దాల విషయం. మీరు ఒక శబ్దమని రాశారు గాని, మీ వర్ణనలో స్పష్టంగా మూడు వినిపిస్తున్నాయి. రెండు షెడ్లలో రెండు మాటలు రావడానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం. వచ్చిపోయే శబ్దాన్ని పట్టుకోవాలంటే అది ఎలా ఉందన్నదాని కంటే ఎప్పుడు వస్తుందన్నదే ముఖ్యం. ఆ వివరం మీరు చాలా శ్రద్ధగా రాశారు.

ఘాట్‌లో వచ్చే గలగలను నాకింగ్ అంటారు; అది ఇనుప భాగాలు ఒకదానికొకటి కొట్టుకోవడం వల్ల పుట్టేది కాదు. మంట వల్ల పుట్టేది. పిస్టను పైకి చేరడానికి కొంచెం ముందుగానే ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. అక్కడి నుంచి మంట మెల్లగా పరచుకుంటూ సిలిండరంతా కమ్ముకోవాలి. ఆ మంట చేరేలోపే, మూలన మిగిలిన పెట్రోలు, గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటే, ఆ దెబ్బకు పుట్టిన ఒత్తిడి అలలు సెకనుకు కొన్ని వేలసార్లు సిలిండరు గోడలను తాకుతాయి. మీరు గోళీల చప్పుడుగా వింటున్నది ఆ గోడల మోతనే. మీ బండిలో ఒక్కో సిలిండరు లోపలి వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, టీ గ్లాసు అంతటి ఆ చిన్న గదిలో జరిగే పని ఇది. మీరు మొగిలి ఘాట్‌లో థర్డ్ గేరులో ముగ్గురు మనుషులతో ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంటుంది, ఇంజను మాత్రం నెమ్మదిగా తిరుగుతుంటుంది. మిశ్రమం నిండుగా చేరుతుంది, ఉడకడానికి కావలసినంత వ్యవధి కూడా దొరుకుతుంది. కాలు తీయగానే మిశ్రమం తగ్గిపోయి శబ్దం ఆగుతుంది. షెడ్డు ముందు ఖాళీ బండిని ఎంత రేజ్ చేసినా ఈ శబ్దం రాకపోవడంలో వింత లేదు, అక్కడ ఇంజను మోయవలసిన బరువే లేదు గదా.

అయితే మీరు ఏళ్ల తరబడి ఇదే ఘాట్ ఎక్కుతున్నారు, శబ్దం మూడు నెలల కిందటే మొదలయింది. ఆ మూడు నెలల కిందట జరిగిన పని ఏమిటో మీ ఉత్తరంలోనే ఉంది. కొత్త బెల్టు, కొత్త ప్లగ్గులు పడ్డాయి గనుక ఆ వైపు అనుమానం లేదని మీరు రాశారు. నా అనుమానమంతా ఆ వైపే. మారుతి 800లో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది వాల్వులను తెరిచే ఇరుసయిన క్యామ్ షాఫ్టు, క్యామ్ షాఫ్టును తిప్పేది టైమింగ్ బెల్టు. బెల్టు ఎక్కించేటప్పుడు గుర్తులు సరిగ్గా కలపకుండా ఒక్క పన్ను అటు ఇటు అయితే వాల్వులు తెరుచుకునే వేళతో పాటు నిప్పురవ్వ పడే వేళ కూడా జరుగుతుంది. బెల్టు సరిగ్గానే ఎక్కినా, పని అయిన తరువాత పికప్ బాగుండాలని డిస్ట్రిబ్యూటర్‌ను చెవి లెక్క మీద కొంచెం ముందుకు తిప్పి బిగించే అలవాటు చాలామందికి ఉంది. తిన్నటి రోడ్డులో అది నిజంగానే హుషారుగా అనిపిస్తుంది. ఎక్కుడులో గలగలమంటుంది.

కాబట్టి పైసా ఖర్చు పెట్టి విడిభాగాలు కొనకముందు, నిప్పురవ్వ పడే వేళను చూపే టైమింగ్ లైటు ఉన్న మెకానిక్ దగ్గరకు వెళ్లండి. ముందుగా బెల్టు మూత తీయించి, క్రాంకు గుర్తు, క్యామ్ గుర్తు రెండూ ఒకేసారి వాటి వాటి స్థానాల్లోకి వస్తున్నాయో లేదో మీ కళ్లతో చూడండి. తరువాత ఇంజను వేడెక్కించి, డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వాక్యూమ్ గొట్టాన్ని ఊడదీసి మూసి, టైమింగ్ లైటు వేసి, కంపెనీ సర్వీసు పుస్తకంలో ఇచ్చిన డిగ్రీలతో సరిపోల్చమనండి. మెల్లగా రేజ్ చేస్తే గుర్తు క్రమంగా ముందుకు జరిగి, వదలగానే వెనక్కి రావాలి. ఒక్కసారిగా గెంతినా, వెనక్కి రాకుండా నిలిచిపోయినా డిస్ట్రిబ్యూటర్ లోపల అడ్వాన్సు స్ప్రింగులు సడలాయనో తెగాయనో అర్థం.

ఆ పూటనే ప్లగ్గులు కూడా విప్పించి చూడండి. పింగాణీ కొన లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగ్గా ఉంది. సున్నంలా తెల్లగా ఉండి, కొనల మీద చిన్న పొక్కుల్లాంటివి కనిపిస్తే, మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదు, లేదా మీ ఇంజనుకు తగని వేడి రకం ప్లగ్గులు వేశారు. మరలు సరిపోయినంత మాత్రాన ప్లగ్గు సరిపోయినట్లు కాదు, పాత ప్లగ్గు మీది నంబరుతో కొత్తదాన్ని పోల్చి చూడాలి. కార్బ్యురేటర్ జెట్టులో నలక పడినా, మ్యానిఫోల్డు గాస్కెట్ దగ్గర గాలి చొరబడినా ఇదే లక్షణం కనిపిస్తుంది. రేడియేటర్ సగం మూసుకుపోయి ఇంజను వేడిగా నడుస్తున్నా అంతే. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగే బండి కనుక పిస్టను తలల మీద మసి పేరుకుని ఉండవచ్చు. కాని మసి ఏళ్ల మీద పేరుకునేది, దాని శబ్దం మెల్లమెల్లగా పెరుగుతుంది గాని ఒక నెలలో ఊడిపడదు. అందుకే దాన్ని చివరకు పెట్టాను. ఇవన్నీ తేలేవరకు ఘాట్‌లో గలగల మొదలవగానే సెకండ్ గేరుకు మారండి. ఇంజను వేగంగా తిరుగుతుందని భయపడనక్కరలేదు, దానికి అదే సుఖం.

రెండోది, బండి నిలిచి ఉన్నప్పటి దబదబ. దీన్ని గురించి రాసేటప్పుడు నా జీవితంలో నేను చేసిన ఒక తప్పు చెప్పి తీరాలి. తిరుపతి రేణిగుంట రోడ్డులో నేను సొంతంగా పని మొదలుపెట్టిన తొలి ఏడాదుల్లో, నగరి నుంచి ఒక బట్టల వ్యాపారి ఇలాంటి శబ్దంతోనే బండి తెచ్చారు. విన్న వెంటనే పిస్టనును క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులేనని తీర్పు చెప్పి, సంపు దించి, మూడు సిలిండర్ల బేరింగు షెల్సూ మార్చాను. విప్పిన పాతవి చేతిలో పెట్టుకుని చూస్తే పెద్దగా అరిగి లేవు. అక్కడైనా ఆగి ఆలోచించవలసింది, ఆగలేదు. బండి బిగించి స్టార్టు చేస్తే అదే దబదబ. రెండు రోజులు వెతికిన తరువాత తెలిసింది: క్రాంకు చివర పుల్లీ వెనకనున్న బెల్టు చక్రం బోల్టు సడలి, చక్రాన్ని క్రాంకుకు పట్టి ఉంచే కీ అరిగి, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు చక్రం వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఆడుతున్నది. నేను మజూరీ తీసుకోలేదు. అయినా ఆయన రెండు రోజుల వ్యాపారం, షెల్స్ ఖరీదు నా తొందరపాటు వల్లనే పోయాయి. ఆనాటి నుంచి ముందుగా పుల్లీ పట్టుకుని కదిలించి చూడకుండా ఏ ఇంజను సంపూ దించలేదు.

మీ బండికి టైమింగ్ బెల్టు మార్చాలంటే ఆ పుల్లీ విప్పక తప్పదు. పైగా రేజ్ చేస్తే శబ్దం పోతున్నదని మీరే రాశారు. రాడ్ బేరింగు కొట్టుడు రేజ్ చేస్తే సామాన్యంగా పెరుగుతుంది, ఇంజను వేడెక్కి ఆయిల్ పలచబడిన కొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. సడలిన చక్రం మాత్రం వేగం పెరిగి లాగుడు నిలకడగా మారగానే ఊరుకుంటుంది. ఇంజను ఆపి, పుల్లీని రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ మెలిపెట్టి చూడమనండి. బోల్టుల చుట్టూ గంధం పొడిలా మెత్తగా, ఎర్రగా తుప్పు పొడి కనబడితే అక్కడ ఇనుము ఇనుముతో రాచుకుంటున్నట్లే. అప్పుడు ఊరికే బోల్టు బిగించి పంపిస్తే ఒప్పుకోకండి. కీ, దాని గాడి, చక్రం మూడూ చూపించమని అడగండి. కీ అరిగితే కొత్తది వేసి, బోల్టును టార్క్ రెంచితోనే బిగించాలి.

పుల్లీ గట్టిగా ఉందని తేలితే, శబ్దం వస్తున్న సమయంలోనే మరొక పరీక్ష చేయవచ్చు. ఇంజను ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి, దానికి వేరే పాత ప్లగ్గు తగిలించి ఇంజను బాడీకి ఆనించి, మళ్లీ స్టార్టు చేయాలి. నడుస్తున్న ఇంజను మీద వైరును చేత్తో లాగడం వద్దు, ఆ షాకు చిన్నది కాదు. ఇలా మూడు సిలిండర్లకూ వరసగా చేసినప్పుడు, ఏదో ఒకదాని మంట ఆపగానే కొట్టుడు తగ్గితే ఆ సిలిండరు రాడ్ బేరింగునో పిస్టను పిన్నునో అనుమానించాలి. మూడింటిలో ఏది ఆపినా శబ్దం మారలేదంటే కారణం సిలిండర్లలో లేదు: ఫ్లైవీలు బోల్టులు, తెగిన ఇంజను మౌంటు, ఆల్టర్నేటర్ బేరింగు చూడాలి. మూడు సిలిండర్ల ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు సహజంగానే ఊగుతుంది కనుక, మౌంటు రబ్బరు చిట్లితే ఇంజను చట్రానికి తగిలి కొట్టడం కొత్త కాదు. ఆల్టర్నేటర్, నీళ్ల పంపుల అనుమానం తీరాలంటే వాటిని తిప్పే బెల్టు (టైమింగ్ బెల్టు కాదు) తీసి స్టార్టు చేసి వినాలి. పంపు తిరగదు కాబట్టి అర నిమిషం కంటే ఎక్కువసేపు నడపకూడదు.

మూడోది, తెల్లవారి రెండు నిమిషాల కొట్టుడు. చల్లని పిస్టను కొంచెం కుంచించుకుని ఉండి, అరిగిన సిలిండరులో పక్కలకు తట్టుకుంటుంది. వేడెక్కి వ్యాకోచించగానే సరిపోతుంది. ఈ వయసు ఇంజనుకు ఇది ఉండదగినదే. ఆయిల్ విపరీతంగా తాగడం, పొగగొట్టంలో నీలి పొగ లేనంతవరకు దీని కోసం ఇంజను విప్పించనక్కరలేదు. బోరు పోయిందన్న మాట నిజమో కాదో తేల్చడానికి సిలిండరులో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్ష ఉంది. ప్లగ్గులు తీసినప్పుడే పావుగంటలో అయిపోతుంది. మూడు సిలిండర్ల అంకెలూ దగ్గరదగ్గరగా, పుస్తకంలో చెప్పిన హద్దులో ఉంటే ముప్పై అయిదు వేల మాట పక్కన పెట్టవచ్చు. చిక్కటి ఆయిల్ సలహా కూడా నాకు నచ్చలేదు. అది అరుగుదల శబ్దాన్ని కొన్నాళ్లు కప్పుతుంది, మనకు వినబడవలసినది వినబడకుండా పోతుంది, తెల్లవారి స్టార్టు చేసినప్పుడు ఆయిల్ పైదాకా చేరడమూ ఆలస్యమవుతుంది.

షెడ్డులో శబ్దం రాదన్న చిక్కుకు ఒకటే దారి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ముగ్గురు మనుషుల బరువుతోనే ఘాట్ దాకా తీసుకువెళ్లండి. బంగారుపాళెం దాటి ఎక్కుడు మొదలయ్యేసరికి ఇంజను వేడెక్కి ఉంటుంది, గలగల ఆయన చెవినే పడుతుంది. ఆ పూట పెట్రోలూ ఆయన కూలీ మీరే పెట్టుకోవలసి వచ్చినా, ఇంజను విప్పుడు కంటే అది చాలా చవక.

ప్రశ్న: మాది చంద్రగిరి. మా పాత కారులో ఇంజను నడుస్తుంటే గరగరమని శబ్దం వస్తుంది. క్లచ్ తొక్కితే పోతుంది, వదిలితే మళ్లీ వస్తుంది. ఇంజను నాకింగ్ అంటున్నారు. నిజమేనా?

జవాబు: కాదు. న్యూట్రల్‌లో ఉండగా క్లచ్ తొక్కితే పోయే శబ్దం సాధారణంగా గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు బేరింగుది. తొక్కినప్పుడే వచ్చే శబ్దమైతే క్లచ్ రిలీజ్ బేరింగుది. గేరు ఆయిల్ మట్టం చూపించండి. ఇంజను జోలికి పోనివ్వకండి.

ప్రశ్న: నేను తిరుపతిలో 1999 నాటి కార్బ్యురేటర్ కారు నడుపుతున్నాను. ఎక్కుళ్లలో నాకింగ్ వస్తుంటే బంకులో ఖరీదైన, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోయించాను, శబ్దం తగ్గింది. అదే కొనసాగించవచ్చా? ఇథనాల్ కలిపిన పెట్రోలే దీనికి మూలమని కొందరంటున్నారు.

జవాబు: కొనసాగిస్తే ఇంజనుకు హాని లేదు. అయితే ఆ పెట్రోలు వల్ల మీకు దక్కిన అసలు లాభం రోగ నిర్ధారణ: ఆక్టేన్ పెరగగానే తగ్గిన శబ్దం బేరింగుది కాదు, మంటదేనని తేలిపోయింది. ఆక్టేన్ అంటే పెట్రోలులో ఉండే శక్తి కాదు, తనంతట తాను అంటుకోకుండా నిలవగల ఓర్పు. ఆ ఓర్పు కోసమే 1920లలో పెట్రోలులో సీసం కలపడం మొదలయింది. దాని విషగుణం వల్ల మన దేశంలో 2000 సంవత్సరం ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఇప్పుడు బంకులో దొరికే మామూలు పెట్రోలు ఆక్టేన్ 91కి తగ్గదు. మీ కారు తయారైన రోజుల్లో దొరికిన మామూలు పెట్రోలు కంటే ఇది ఎక్కువే. ఆనాటి తక్కువ ఆక్టేన్‌తో గలగలమనని ఇంజను ఈనాటి పెట్రోలుతో అంటున్నదంటే మారినది ఇంజనులో ఏదో ఉంది: టైమింగ్, మసి, వేడి, మిశ్రమం. పైన చిత్తూరు మాస్టారికి చెప్పిన వరసలోనే చూపించండి.

ఇథనాల్ సంగతికి వస్తే, దానికి ఆక్టేన్ ఎక్కువ కనుక నాకింగ్‌ను అది నేరుగా పెంచదు. చిక్కు మరోచోట ఉంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండడం వల్ల, అంతే గాలికి ఇంకాస్త ఎక్కువ ఇంధనం పోయాలి. కంప్యూటర్ ఉన్న కొత్త కారు ఆ లెక్క సరిదిద్దుకుంటుంది, కార్బ్యురేటర్ జెట్టుకు ఆ తెలివి లేదు. అప్పటికే నలక పడి సన్నగిల్లిన జెట్టయితే మిశ్రమం మరింత పలచనై ఇంజను వేడెక్కుతుంది. కార్బ్యురేటర్ విప్పి శుభ్రం చేయించి, మిశ్రమం స్క్రూ సరిచేయించండి. ఇరవై శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా ఆనాటి రబ్బరు గొట్టాలు తయారుకాలేదు కాబట్టి, ట్యాంకు నుంచి పంపుకూ, పంపు నుంచి కార్బ్యురేటర్‌కూ వచ్చే పెట్రోలు గొట్టాలను వేళ్లతో నొక్కి చూడండి; జిగటగా, ఉబ్బినట్లు ఉన్నా, వంచినప్పుడు సన్నటి పగుళ్లు కనబడినా, వేడి ఇంజను మీద పెట్రోలు కారే ప్రమాదం ఉంది గనుక ఆ రోజే మార్పించండి.